టైరుకి పూసిన నలుపు

దసరా పూజకి తయారైన తమ్ముడి లారీ టైర్లు, నరసన్నపేట టైర్ల షాపు ముందు వానలో నల్లగా మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూడగానే నాన్న లారీ గుర్తొచ్చింది.

లారీ ఇళ్లల్లో పెరిగినోళ్లకి గుర్తుందా? పూజ రోజు అరిగిన టైర్లకీ నల్ల పాలిష్ పూసి కొత్తవనిపించేవాళ్లు! నా చిన్నప్పుడు మా నాన్నా అంతే. మర్నాడే వానలో సాలూరు ఘాట్ దిగుతుంటే, బ్రేకు తొక్కినా బండి లోయవైపు జారుతూనే ఉంది. పక్కన నేను.

"కదలకమ్మా!" అన్నాడు.

బండరాయికి తగిలి ఆగింది. నాన్న దిగి టైరంతా తడిమాడు. అరిగిపోయి ఒక్క గాడి కూడా చేతికి తగల్లేదు, పాలిష్ మాత్రం అరచేతినిండా అంటింది.

"ముందువి రెండూ మార్చితే సాలక్కా. ఎనకవి సూడు, ఎలా మెరస్తన్నాయో," అన్నాడిప్పుడు తమ్ముడు, షాపు ముందు.

వాడి చేత్తోనే వెనక టైరు తడిమించి, ఆ చెయ్యి వాడికే తిప్పి చూపించాను.

అచ్చం నాన్న అరచెయ్యి.