పడుకుని చూసే ఉద్యోగం

ఆసుపత్రి వెనక పెరట్లోకి పొద్దున్నే దుప్పట్ల వ్యాను వచ్చేది. కొత్త కంపెనీ వాళ్ళది. అబ్బో, ఎంత బుద్ధిగా వచ్చేదో! హారన్ కొట్టేది కాదు, గుమ్మానికి అడ్డంగా ఆగేది కాదు. యూనిఫాం చొక్కాల వాళ్ళు ఇద్దరు దిగి, మూటలు దించి, "గుడ్ మార్నింగ్ మేడమ్" అని నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ నవ్వు చూస్తే దుప్పటమ్మకు ఒళ్ళు మండిపోయేది. మర్యాదగా ఉన్నవాళ్ళ మీద మంటేమిటి అంటారేమో. అదే పెరట్లో అంతకుముందు పొద్దున పొద్దున్నే ఎంత రభస జరిగేదో చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

దుప్పటమ్మ అంటే ఆసుపత్రిలో బట్టల గది చూసుకునే ఆవిడ. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. పెద్ద సర్కారు ఆసుపత్రి అది. వార్డుల్లో పరిచే దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు అన్నీ బయటి లాండ్రీకి కాంట్రాక్టు. ఉతికి తెచ్చినవాటిని చూసి, బాగుంటే వార్డుల్లోకి పంపాలి, బాగాలేకపోతే తిప్పి పంపాలి. ఉద్యోగం అంతవరకే. కానీ ఆవిడ చూసే తీరు వేరు. వచ్చిన మూటల్లోంచి తనకు తోచిన దుప్పటి ఒకటి లాగి, గది మూలనున్న పాత ఇనప మంచం మీద పరిచి, చెప్పులు విడిచి, దాని మీద వెల్లకిలా పడుకునేది. కాసేపు కళ్ళు మూసుకుని కదలకుండా ఉండేది. ఆ తర్వాత పక్కకు ఒత్తిగిలి చెంప ఆనించేది. లేచాకే ఏ మాటైనా.

"మా ఇంట్లో నేను నిలబడి జీతం తెస్తాను, మా ఆవిడ పడుకుని తెస్తుంది," అని బస్సు కండక్టరైన ఆమె భర్త చుట్టాలందరి దగ్గరా చెప్పి నవ్వించేవాడు.

"నిలబడి నిలబడి కాళ్ళతోపాటు బుద్ధి కూడా వాచింది మీకు," అని ఆమె మూతి తిప్పేది.

నిజానికి ఆ అలవాటు ఆమె బుర్రలో పుట్టింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె కూడా అందరిలాగే దుప్పటిని వెలుతురుకు పట్టి, మరకలు లేకపోతే సంతకం పెట్టేసేది. ఒకరోజు ఆడవాళ్ళ వార్డులో, నడుం విరిగి మంచం పట్టిన పెద్దావిడ ఒకావిడ ఈమె చెయ్యి పట్టుకుని ఆపింది. "తెల్లగా ఉందని మురిసిపోతున్నావు గానీ తల్లీ, ఓసారి నువ్వు పడుకో దీని మీద. నాలాగా, అటూ ఇటూ తిరగలేనిదానిలా పడుకో," అంది. కాదనలేక పక్క మంచం మీద పడుకుంది. కాసేపటికే వీపు మీద చీమలు పాకుతున్నట్టయింది. సబ్బు సరిగ్గా జాడించలేదు. దుప్పటి మధ్యలో అతుకు వేసిన కుట్టు నడుం కింద పుల్లలా గుచ్చుకుంటోంది. లేచి, తిన్నగా పెరట్లోకి నడిచి, దుప్పట్లు దించుతున్న పెద్దమనిషిని నోటికొచ్చినట్టు కడిగేసింది.

ఆ పెద్దమనిషే లాండ్రీ బాబాయ్. అప్పటికింకా బాబాయ్ కాలేదనుకోండి. బాన పొట్ట, పెద్ద గొంతు, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు.

"నిన్నగాక మొన్న వచ్చావు, నాకు ఉతకడం నేర్పుతావా?" అని ఆయన అరిచాడు.

"ఉతకడం మీకే వచ్చు. పడుకోవడం నేను నేర్పుతాను, రండి."

చెయ్యి పట్టుకుని బరబరా లాక్కెళ్ళి ఆ దుప్పటి మీదే పడుకోబెట్టింది. అంత మనిషి ఎక్కేసరికి మంచం కుయ్యిమంది. నర్సులు గుమ్మంలో మూగి నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆయన పైకప్పు చూస్తూ కాసేపు పడుకున్నాడు. లేచి, వీపు గోక్కున్నాడు. మూటలన్నీ మళ్ళీ వ్యానులోకి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు తనే వచ్చి, మంచం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "పడుకో అమ్మాయ్," అన్నాడు.

అదిగో, అప్పటినుంచి ఆయన బాబాయ్, ఆమె అమ్మాయ్. ఆ పెరట్లో గొడవ లేని పొద్దు లేదు.

"గలీబుకి ఇంత గంజేంటి బాబాయ్? పక్కకు తిరిగితే రోగి చెవి తెగి కింద పడుతుంది!"

"గంజి పెట్టకపోతే పీలికలా ఉందంటావు. ముందు నీ నోటికి పెట్టాలి గంజి!"

"పెట్టు, అప్పుడైనా నీ గోల వినపడకుండా ఉంటుందేమో."

ఆయన విసవిసా వెళ్ళేవాడు. మర్నాటికి గలీబు మెత్తగా వచ్చేది. ఆయన భార్య, ఈమెకు పిన్ని, లాండ్రీలో కుట్టు మిషను ముందు కూర్చునేది. చిరిగిన దుప్పట్లను బాగుచేసేటప్పుడు అతుకు నడుం కింద పడకుండా కాళ్ళ వైపుకు జరిపి కుట్టడం ఆవిడ పెట్టిన పద్ధతే. కాంట్రాక్టులో అలా కుట్టాలని ఎవరూ రాయలేదు. రాయకపోయినా ఆవిడ కుట్టింది.

దుప్పటమ్మ పురిటికి వెళ్ళినప్పుడు ఇంకో తమాషా. ఆమె బదులు వచ్చిన స్టోర్ గుమాస్తా దూరం నుంచే చూసి సంతకం పెట్టబోతే బాబాయ్ ఊరుకోలేదు. "పడుకోకుండా పెట్టిన సంతకం నాకొద్దు," అని మంకుపట్టు పట్టాడు. పాపం, గుమాస్తా పడుకున్నాడు. పడుకున్నవాడు గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఆ గుర్రు తనకు వచ్చిన అన్నిటికన్నా పెద్ద సర్టిఫికెట్టని బాబాయ్ చాలాకాలం చెప్పుకున్నాడు. పాపతో ఆమె తిరిగొచ్చేసరికి పిన్ని చిన్న చిన్న పక్కబట్టలు కుట్టి ఉంచింది. పనికిరావని ఆసుపత్రి తీసేసిన దుప్పట్లే, ఉతికి ఉతికి వెన్నలా అయినవి. తిట్టుకుంటూ అంత సంతోషంగా ఉండొచ్చని అప్పుడు తెలియలేదు ఆమెకు.

ఏళ్ళు ఊరికే పోతాయా? బాబాయ్‌కి మోకాళ్ళు పట్టేశాయి. బట్టలు ఆరబెట్టే యంత్రం ముసలిదైపోయింది. చేతికింద పనివాళ్ళు ఒక్కొక్కరే ఎక్కువ జీతమిచ్చే కొత్త కంపెనీకి వెళ్ళిపోయారు. ఆ సంవత్సరం వానలు పట్టాక దుప్పట్లు చెమ్మగా రావడం మొదలుపెట్టాయి. ఆమె తిప్పి పంపేది, ఆయన తలూపేవాడు. అరవడం మానేశాడు. అప్పుడే ఆమెకు భయం వేసింది.

ఒకరోజు మూట పైన ఉన్న దుప్పటి తీసి పడుకుంటే పొడిగానే ఉంది. ఎందుకో మనసొప్పక మూట మధ్యలోకి చెయ్యి పెట్టింది. లోపల తడి. పొడివి పైనా కిందా సర్ది, తడివి నడిమధ్య దాచారు. బాబాయ్ ఎన్ని మాటలన్నా పడ్డాడు, ఎన్నిసార్లు తిప్పి పంపినా మోసుకుపోయాడు గానీ, దాచడం మాత్రం ఎన్నడూ లేదు. తలెత్తి చూస్తే ఆయన గోడవైపు చూస్తున్నాడు.

సరిగ్గా ఆ నెలలోనే పైనుంచి కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి కాంట్రాక్టరు పనికీ మార్కులు వెయ్యాలట. మార్కులు వాళ్ళు గీసిన గీత కిందికి పడితే కాంట్రాక్టు పోయినట్టే. ఇన్నాళ్ళూ నోటితో తిట్టినవాణ్ణి ఇకనుంచి అంకెల్లో తిట్టాలన్నమాట! పెద్ద డాక్టరు ఆమెను గదిలోకి పిలిచి, "ఆయన మీకు బాబాయ్ లాంటివారని అందరికీ తెలుసు. కాస్త చూసి వెయ్యండి," అన్నాడు. అంటే ఎక్కువ వెయ్యమనా, తక్కువ వెయ్యమనా? ఆ డాక్టరు ఎప్పుడూ అంతే, రెండువైపులా పనికొచ్చే మాటే మాట్లాడతాడు.

మార్కులు పంపాల్సిన రోజుకు ముందురోజు బాబాయ్ బట్టల గదికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె టీ తెప్పించింది. అడుగుతాడనుకుంది. "ఈ ఒక్కసారికీ చూడు అమ్మాయ్" అంటే, "నన్నే అడుగుతావా ఆ మాట" అని కసిదీరా పోట్లాడదామని కాచుకుని కూర్చుంది. ఆయన అడగలేదు. టీ ఊదుకుంటూ తాగాడు.

"వాన తగ్గుతుందంటావా?" అన్నాడు.

"ఏమో బాబాయ్."

"తగ్గాలి," అని లేచి, మోకాలు పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె ఆపరేషన్ల వార్డుకు వెళ్ళింది. కడుపు కోసి కుట్లు వేసిన అమ్మాయి ఒకతి అక్కడుంది. కుట్లు చీము పట్టాయి. దుప్పటి వల్లేనని ఎవరూ తేల్చలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు. ఆ పిల్ల వీపు కింద చెయ్యి పెట్టి చూసింది. చెమ్మ. మర్నాడు మార్కులు వేసింది. పొడిగా ఉన్నాయా అన్నచోట ఎంత వెయ్యాలో అంతే వేసింది. గీత కిందికి పడ్డాడు బాబాయ్.

ఆఖరి లోడు ఆయనే తెచ్చాడు. ఆమె దుప్పటి పరిచి, చెప్పులు విడిచి, తల తిప్పేసరికి మంచం పక్కన మనిషి లేడు. పెరట్లోంచి వ్యాను వెళ్ళిపోతున్న చప్పుడు వినిపించింది. ఆమె ఆ మంచం మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత ఒకసారి వాళ్ళింటికి వెళ్ళింది. పిన్ని తలుపు తీసి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "పడుకున్నారమ్మా," అంది. లోపల గదిలో దగ్గు వినిపించింది. అది నిద్రలో దగ్గే దగ్గు కాదు. పిన్ని నేలచూపులు చూసింది. ఆమె నీళ్ళు తాగి వచ్చేసింది, మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

ఇక కొత్త కంపెనీ సంగతి. వాళ్ళ దుప్పట్లు పొడిగా ఉంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. తెల్లగా కూడా ఉంటాయి. కానీ సబ్బు వదలదు, వీపు మండుతుంది. చెబితే, "తప్పకుండా మేడమ్, నోట్ చేసుకున్నాం మేడమ్" అంటారు. మర్నాడు మళ్ళీ అదే మంట, మళ్ళీ అదే "తప్పకుండా మేడమ్." గోడకు చెప్పుకున్నా నయం, గోడ నవ్వదు. పోట్లాడ్డానికి కూడా ఎదుట ఒక మనిషి ఉండాలి కదా! కొన్నాళ్ళు చెప్పింది, కొన్నాళ్ళు గొణిగింది, చివరికి నోరు నొప్పెట్టి ఊరుకుంది. పడుకుని చూసి మాత్రం ఎవరిని ఏమనాలని, పడుకోవడమూ మానేసింది. వెలుతురుకు పట్టి సంతకం పెట్టెయ్యడమే. పాత ఇనప మంచం మీద గలీబుల కట్టలు పేరుకున్నాయి.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళ వార్డు నర్సు పరుగున వచ్చింది. "దుప్పటమ్మా, మీ పిన్నిగారు జారిపడ్డారట. తుంటి ఎముక విరిగింది. మా వార్డులోనే చేర్చారు."

చేతిలో పని వదిలేసి వెళ్ళింది. కిటికీ పక్క మంచం మీద పిన్ని వెల్లకిలా, కదలకుండా ఉంది. పక్కన బాబాయ్ నిలబడి ఉన్నాడు. పొట్ట పోయింది, చొక్కా వదులైపోయింది. ఆయన పిన్ని మొహం చూడట్లేదు. దుప్పటి అంచు బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య పెట్టి నలుపుతున్నాడు. వేళ్ళు వాసన చూసుకున్నాడు. తలెత్తి ఈమెను చూశాడు.

"ఎవరు పాస్ చేశారిది?"

ఆమె మంచం దగ్గరకు వచ్చి దుప్పటి అంచు పట్టుకుంది.

"నిన్నే అమ్మాయ్! పడుకుని చూశావా దీని మీద?"

"లేదు బాబాయ్."

"లేదా?" వార్డంతా అదిరింది. పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చున్నారు. "లేదూ? ఎంత ధైర్యంగా చెబుతున్నావే! నాకు మార్కులు కోసినప్పుడు నేను నోరెత్తానా? తడిని తడన్నావు. మూట మధ్యలో దాచినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని నీ ముందుకు రాను? సిగ్గుతో చచ్చి ఇంట్లో కూర్చున్నాను గానీ నీ మీద కోపంతో కాదు. నేను పోయినా మంచం దగ్గర అమ్మాయి ఉందిలే అని గుండెల మీద చెయ్యేసుకుని ఉన్నాను. ఇదా నువ్వు చేస్తున్నది? కదల్లేని మనిషి వీపు కింద ఈ సబ్బుముద్ద పరిచి సంతకం పెడతావా? నన్ను పీక్కుతిన్నావే అన్నేళ్ళు, వాళ్ళ దగ్గర ఏమైంది నీ నోరు?"

నర్సు అడ్డం రాబోయింది. దుప్పటమ్మ చేత్తోనే ఆపింది. కన్నీళ్ళు చెంపల మీదుగా కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. బీరువాలోంచి ఇంకో దుప్పటి తీసి, దాన్ని మంచినీళ్ళలో బాగా జాడించి ఆరేసి తెమ్మని ఆయాకిచ్చింది. తన ఒంటి మీది మెత్తటి శాలువా తీసి, నర్సు సాయంతో పిన్నిని నెమ్మదిగా ఎత్తి, వీపు కింద పరిచింది. పిన్ని ఆమె చెయ్యి వదల్లేదు.

బాబాయ్ ఆయాసపడుతూ మంచం కమ్మీ పట్టుకుని ఆగాడు.

"ఆపేశావేం బాబాయ్?" అంది ఆమె వెక్కుతూనే. "ఇంకా తిట్టు. నువ్వు తిట్టి ఏడాది దాటింది."