చివరి రంగంలో మా అన్న కట్టిన గోడ

గోడ కూలి మనుషులు పోయిన కథలు మీరు వినే ఉంటారు. గోడ కూలక నాటకం పోయిన కథ ఇది. ముగింపు ముందే చెప్పేశానని విసుక్కోకండి, దానికి కారణం ఉంది.

ఇళ్లకు కేబుల్ టీవీ కొత్తగా వస్తున్న రోజులు. వేలూరులో డిగ్రీ చదువుతూ, నాటకాల గురించి ఒక లావుపాటి పుస్తకం తెరిచి, నాలుగు పేజీలకే పండితుణ్ణయ్యాను. రాబోయే ఆపద జనానికి ముందు తెలియాలి, హీరోకి చివర తెలియాలి, మధ్యలో ఎంత సాగదీస్తే అంత ఉత్కంఠ. నా తలకెక్కిన సూత్రం ఇదే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి నాటకం ఆడించి చూడలేదు పాపం.

గుడియాత్తంలో మన తెలుగు మేస్త్రీల సంఘం వార్షికోత్సవానికి ఒక విషాదం రాశాను. చివర హీరో బీటలువారిన గోడ ముందు కూర్చుని, "ఈ గోడ ఉన్నంతవరకు నాకు భయం లేదు" అంటాడు. తెర పక్కనుంచి నేను తాడు లాగుతాను. గోడ కూలుతుంది, దీపాలు ఆరుతాయి, జనం ఏడుస్తారు.

గోడ పని మా అన్న మునిరత్నానికి అప్పగించాను. ఆయన మేస్త్రి. "ఇటుకలు ఊరికే పేర్చన్నా, సిమెంటు వద్దు" అన్నాను. "సరిప్పా" అన్నాడు. ఆయన అంత సులువుగా ఒప్పుకుంటే అనుమానించాలని అప్పటికి నాకు తెలియదు.

ఆ సాయంత్రం హీరో గోపాలు ఆ మాట అన్నాడు. తాడు లాగాను. గోడ కదల్లేదు. గోపాలుకు తెలుగు చదవడం రాదు, విని నేర్చుకున్నాడు. కొత్త మాట కల్పించడం చేతకాక అదే మళ్లీ అన్నాడు. తాడుకు వేలాడాను. మూడోసారి అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

పక్కనే ఉన్న అన్నను పట్టుకున్నాను.

"అన్నా, రాలేదే?"

"యాడొస్తాది? సిమెంటు పెట్టినా."

"కూలాల్సిన గోడకి సిమెంటా?"

"మెల్లగా అరువు, జనం ఇంటారు. బాగాయంలో ఇల్లు కట్టించే టీచరమ్మ ముందర కూచోనుండాది. కంపెనీలోళ్లొచ్చి పనులన్నీ ఎత్తుకపోతా ఉండారు. ఆయమ్మ ముందర నా గోడ పడితే నాకెవరప్పా పనిస్తారు?"

జనంలోంచి ఒక ముసలమ్మ అంది, "ఎంతసేపు కూచోంటావు నాయనా, అది పడేది కాదులే. లేసి అన్నం తిను."

ఇక లాభం లేదని గోపాలు గుండె పట్టుకుని తనే పడిపోయాడు.

"గోడ బాగానే ఉండాది, మనిషే గట్టిగా లేడు" అని జనంలోంచే తీర్పు వినిపించింది.

తర్వాత తెలిసింది, రెండు రోజుల ముందు అన్నకు ఇటుకలందించినవాళ్లు సగం మంది ఆ జనంలోనే కూర్చున్నారని. గోడ పడదని వాళ్లకు ముందే తెలుసు. నాకు చివర తెలిసింది. సూత్రం తప్పు కాదు, హీరో ఎవరన్న దగ్గరే పొరబడ్డాను.

టీచరమ్మ ఇంటి పని అన్నకే వచ్చింది. అన్న పోయినేడు పోయాడు. దినాలు ముగిశాక బాగాయం వెళ్లి చూశాను. ఆ ఇంటి ప్రహరీకి ఒక్క బీట లేదు. దానిమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఇకమీద ఏ హీరోని చంపినా నీళ్లలోనే చంపుతాను, మా అన్న కట్టిన గోడ జోలికి మాత్రం పోను.