అమ్మకానికి పెట్టిన మొండి స్తంభాలు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఫోను చూసుకుంటే, మా దీవుల్లో ఉత్తరం కొసన డిగ్లీపూర్‌లో ఉన్న మా చెల్లెలు ఒక ఫొటో పంపింది. పాత సామాన్లు అమ్ముకునే పేజీలో ఎవరో పెట్టిన రంగుల చిత్రం. విరిగిన రాతి స్తంభాలు, సగం కూలిన కమాను, దాని నెత్తిన మొలిచిన గడ్డి, వెనక పసుపుపచ్చ సాయంత్రం, నీడలో రెండు ఆవులు. "పురానీ పెయింటింగ్, అర్జెంట్ సేల్" అని రాసుంది. కింద చెల్లి మాట ఒక్కటే: "అత్తావాళ్లదే కదక్కా?"

వాళ్లదే. డెలానీపూర్‌లో మా మేనత్త ఇంటి ముందుగదిలో నా చిన్నప్పట్నుంచీ ఉంది. మావయ్య ఓడలు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. ఎక్కడో పాత బంగ్లా కూలగొడుతూ వానలో పారేసిన సామాన్లలోంచి దీన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చాడట. ఇంటికొచ్చినవాళ్లు "యే కహాఁ కా హై, భయ్యా?" అనడిగితే, తడుముకోకుండా "విశాఖపట్నం పక్కనే" అనేవాడు. పక్కింటి బెంగాలీ దీదీ చాలాకాలం నమ్మింది కూడా. పాస్టరుగారు రోము అన్నారు. అత్త మాత్రం బూజు దులుపుతూ, "ఎవులో పాపం, కట్టుకున్న కొంప ఒగ్గేసి ఎళ్లిపోనారు" అనేది.

ఓసారి కలకత్తా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన వానకి తడవకుండా వాళ్ల వరండా ఎక్కాడు. లోపలికి పిలిచి టీ ఇస్తే, ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇది ఇంగ్లీషువాళ్ల కాలం నాటిది, మంచి గిరాకీ ఉంటుంది, వచ్చే సీజన్‌కి కొనేవాణ్ని వెంటబెట్టుకొస్తాను, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకండి అని చెప్పి వెళ్లాడు.

ఆ రోజుల్లోనే అత్తకి చూపు పక్కల నుంచి మూసుకుపోవడం మొదలైంది. గుమ్మాలకి కొట్టుకునేది, కింద పెట్టిన గ్లాసు తన్నేసేది. పెద్దాసుపత్రి డాక్టరు, కంటి నరం దెబ్బతింటోంది, మద్రాసు తీసుకెళ్లండి, ఆలస్యం చెయ్యకండి అన్నాడు. మావయ్య ఎవరి ముందూ చెయ్యి చాచే మనిషి కాదు. "బొమ్మ అమ్ముడైపోనీ, దర్జాగా తీసుకెళ్తాను" అన్నాడు. సీజన్ రాగానే తెల్లచొక్కా వేసుకుని జెట్టీకి వెళ్లి, కలకత్తా ఓడ దిగేవాళ్ల మొహాలన్నీ చూసేవాడు. మా నాన్న సాయం చేస్తానంటే కోపం తెచ్చుకుని కొన్నాళ్లు మాట్లాడ్డం మానేశాడు. అలా సీజన్లు పోయాయి. చివరికి నాన్నే బతిమాలి ఇద్దర్నీ ఓడెక్కించాడు. మద్రాసు డాక్టరు రెండు కళ్లలోకీ లైటు వేసి చూసి, "ఇంతకాలం ఏం చేశారు?" అనడిగాడట. తిరుగు ఓడలో మావయ్య అన్నం ముట్టలేదు. అయినా జెట్టీకి వెళ్లడం మాత్రం మానలేదు, పోయేదాకా.

ఫొటో చూసిన సాయంత్రమే అత్త దగ్గరికి వెళ్లాను. బొమ్మ తీసేసిన గోడ బోసిగా ఉంది. అత్త కొడుకు, మా బావ, వంటింట్లో టీ పెడుతూ, "కిసీనే పూఛా తక్ నహీఁ. ఇన్ని రోజుల్లో అడిగినవాడే లేడు" అన్నాడు.

"అత్తకి తెలుసా?" అన్నాను గొంతు తగ్గించి.

ముందుగదిలోంచి అత్తే జవాబిచ్చింది. "నేనే అమ్మీమన్నానే. చెదలు పడతంది."

వెళ్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. అత్త మొహం వీధి వైపే ఉంది.

"ఆ కలకత్తా ఆయన రాడని నాకు మొదటేడే తెలుసు" అంది. "వాన తగ్గేదాకా ఏదో ఒకటి మాటాడాల కదా. మాటాడేడు, పోయేడు."

"మరి మావయ్యతో ఎందుకు చెప్పలేదత్తా?"

"ఎలాగ సెప్తాను? ఆయన జన్మలో తనకో గొప్ప వస్తువు దొరికిందనుకున్నాడు, అదొక్కటే. అది కాదని నా నోటితో నేనే అనాలా? నాకింకా కొంచెం కనబడతంది కదా, సూద్దాంలే అనుకున్నాను."

బావ టీ తెచ్చాడు. గ్లాసు అత్త వేళ్లకి తగిలించి పట్టించాను.

ఆ ఏళ్లన్నీ వాళ్లిద్దరూ కలిసే ఎదురుచూశారని ఇన్నాళ్లూ అనుకున్నాను. మావయ్యకి అవి ఆ కలకత్తా ఆయన వస్తాడన్న ఆశతో గడిచాయి, అత్తకి రాడని తెలిసే గడిచాయి. గడిచిపోయినవి మాత్రం ఇద్దరివీ అవే ఏళ్లు.