గుండెలోతు నీళ్ళు

పద్దెనిమిదేళ్ళుగా నేనొక మనిషికి ప్రాణదాతగా చెలామణీ అవుతున్నాను. ఆ బరువు ఎలా ఉంటుందో మీకు చెప్పాలి. మీకే ఎందుకంటే మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, రేపు ఏ పెళ్ళిలోనో ఎదురుపడి నవ్వరు. మోసినన్నాళ్ళూ దాన్ని నేను బరువు అనుకోలేదు, అది వేరే సంగతి. పూలదండ అనుకున్నాను. మెడలో వేసుకుని ఢిల్లీ అంతా తిరిగాను. నిజం చెప్పాలంటే ఇప్పటికీ తీయబుద్ధి కావడం లేదు.

నేను గొప్పలు చెప్పుకునే మనిషిని. మా ఆవిడ ఈ మాట రోజుకొకసారైనా అంటుంది. కోనసీమలో కాలవ గట్టున పుట్టాను, నడక కంటే ముందు ఈత వచ్చిందని చెప్పుకుంటాను. అందులో ఈత మాత్రం నిజం.

ఢిల్లీ జియా సరాయ్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే రోజుల్లో నా పక్క మంచం ఓబులేసుది. అనంతపురం వాడు. వాళ్ళ ఊళ్ళో నీళ్ళంటే బిందెలో చూసినవే. నాకంటే రెండేళ్ళు చిన్న, మొదటి రోజు నుంచీ నన్ను అన్నా అనే పిలిచాడు. పెద్ద ఉద్యోగాలు ఇద్దరికీ రాలేదు. నీటి పనులు చూసే ఒక ఆఫీసులో నాకు ఇంజనీరు కొలువు, వాడికి పరిపాలన విభాగంలో కుర్చీ దొరికాయి. ఆ ఆఫీసు వాళ్ళే ఒక వేసవిలో మా అయిదుగురిని మూడు వారాల పాటు నెదర్లాండ్స్ పంపారు, పోల్డర్లు చూసి రమ్మని. అంటే, సముద్రానికి అడ్డంగా గట్టు కట్టి, లోపలి నీళ్ళన్నీ బయటికి తోడేసి, అడుగున తేలిన నేల మీద పొలాలూ ఊళ్ళూ వేసుకుంటారు వాళ్ళు. గట్టెక్కి నిలబడితే ఒక పక్క ఆవులు మన కాళ్ళ కింద మేస్తుంటాయి, ఇంకో పక్క నీళ్ళు వాటికంటే ఎత్తున ఉంటాయి. ఓబులేసు మొదటి రోజు ఆ గట్టు దిగి రానన్నాడు.

ఆ కొత్త నేలకీ పాత నేలకీ మధ్య పొడుగాటి చెరువులు వదిలారు. అవతలి ఒడ్డు కంటికి ఆనదు. అంత వెడల్పు చూస్తే మనవాళ్ళెవరైనా అడుగు ఎక్కడుందో అని హడలిపోతారు. కానీ చాలా చోట్ల ఆ చెరువుల్లో మనిషి మునగడు. ఈ సంగతి ఆ వారంలోనే పాఠంగా చెప్పారు, పటం పరిచి, లోతుకొక రంగు వేసి. ఆ పాఠం ఇంజనీర్లకే. మా అయిదుగురిలో ఇంజనీరును నేనొక్కణ్ణే, ఓబులేసూ మిగతావాళ్ళూ ఆ పూట వేరే గదిలో ఉన్నారు.

నాకు తెలుసు. వాడికి తెలియదు. నేను చేసిన పాపమంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది.

ఆదివారం మాకు సెలవు. ఊరు ఊరంతా చెరువు దగ్గరే ఉంది. గట్టు మీద సైకిళ్ళు, గడ్డి మీద దుప్పట్లు, రొట్టెలు, నీళ్ళ మీద తెల్ల తెరచాపలు. ముసలివాళ్ళు కూడా జంకు లేకుండా దిగి ఈదుతున్నారు. అబ్బ, ఎంత బాగుందో! అన్నిటికంటే పిల్లలు. అయిదారేళ్ళ పిల్లలు చొక్కాలు, బూట్లు వేసుకునే దభీమని దూకుతున్నారు. అక్కడ అలాగే నేర్పుతారట, పొరపాటున కాలవలో పడేవాడు బట్టలు మార్చుకుని పడడు కదా అని. ఓబులేసు చాలాసేపు వాళ్ళనే చూశాడు. అప్పటికి వాడి కూతురు సింధుకు ఆరేళ్ళు.

"మా పాపకు గూడా ఇట్లా నేర్పియ్యాలన్నా" అన్నాడు.

ఆ మాట నాకింకా వినిపిస్తుంది. వాడు మర్చిపోయాడు. మర్చిపోయేలా చేసింది నేనే.

మేమిద్దరం ఒక చిన్న తెడ్ల పడవ తీసుకున్నాం. పడవలిచ్చే ముసలావిడ లైఫ్ జాకెట్లు చూపించింది. ఓబులేసు ఒకటి తీసుకోబోయాడు. "ఛీ, తియ్యరా! కోనసీమోడి పక్కన కూర్చుని జాకెట్టేంటి, పరువు తియ్యకు" అని పక్కన పడేయించాను. కాస్త దూరం వెళ్ళాక, ఒడ్డు నుంచి నీళ్ళలోకి వేసిన చెక్క వంతెన మీద నుంచి మా పెద్దసారు, మిగతా ఇద్దరు కెమెరా పట్టుకుని చేతులూపారు. ఫొటో కోసం నేను లేచి నిలబడ్డాను. తెడ్డు భుజాన పెట్టుకుని, మీసం మెలేసి. పడవ ఒరిగింది. ఇద్దరం నీళ్ళలో పడ్డాం.

నా కాళ్ళకు ముందు తగిలింది బురద. మెత్తటి, చల్లటి బురద. నిలబడ్డాను. నీళ్ళు నా గుండెల దాకా ఉన్నాయి.

ఓబులేసు నా ఎత్తే. కానీ వాడు నిలబడలేదు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, చేతులు కొట్టుకుంటూ, నీళ్ళు మింగుతూ, "అన్నా! అన్నా!" అని అరుస్తున్నాడు. ఒక్క మాట చాలు. లేచి నిలబడరా. అంతే. నాలుక చివర దాకా వచ్చింది కూడా. ఎందుకు ఆగాను? ఎన్నిసార్లు అడిగి ఉంటాను నన్ను నేను! వంతెన మీద కేకలు వినిపించాయి. పెద్దసారు నా పేరు పెట్టి అరిచారు. పడవ తిరగేసిన వెధవ నేనేనని వాళ్ళందరూ చూశారు. ఆ క్షణంలో నేను రెండు రకాలుగా ఒడ్డుకు రావచ్చు. గుండెలోతు నీళ్ళలో నడుచుకుంటూ వస్తే కోతి వేషాలేసి పడవ తిరగేసినవాణ్ణి. ఈదుకుంటూ వస్తే ప్రాణం కాపాడినవాణ్ణి.

నేను కూడా మోకాళ్ళు ముడిచాను.

వాడి గడ్డం కింద చెయ్యి వేసి, ఒంటి చేత్తో ఈదాను. ఇక్కడ నన్ను కాస్త గర్వపడనివ్వండి. అడుగున బురదకు కాలు తగలకుండా, కాళ్ళు పైకి లేపి పట్టుకుని, గింజుకుంటున్న మనిషిని లాక్కుంటూ అంత దూరం ఈదడం మాటలు కాదు. ఎవరైనా చేసి చూపించమనండి. ఆ ఈత మాత్రం అసలైన ఈత.

వంతెన మీదికి లాగాక ఓబులేసు నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. పెద్దసారు శాలువా లేదే అన్నట్టు తన తువ్వాలు నా భుజాన కప్పారు. ముసలావిడ వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, తన గుండెల దగ్గర చేత్తో అడ్డంగా గీత గీసి చూపించి నవ్వింది. ఆవిడకు తెలుసు. ఓబులేసు అది చూసి, "చూడన్నా, నీ గుండె ధైర్యం గురించి చెప్తాండాది" అన్నాడు. నేను తలదించుకున్నాను. వినయం అనుకున్నారు.

ఢిల్లీ తిరిగొచ్చాక ఆ కథ నాకంటే ముందే కాలనీకి చేరింది. మొదటి ఏడు అది ఆళ్ళోతు నీళ్ళు. మరుసటి ఏడు తెలుగు సంఘం వనభోజనాల్లో రెండు నిలువుల లోతయింది. నాలుగో ఏటికి తాటిచెట్టు లోతు, అడుగున సుడిగుండం. నేనే చెప్పాను, ఎవరూ కల్పించలేదు. ఏటా అదే రోజున ఓబులేసు వసంత్ కుంజ్ నుంచి మా ఇంటికి ఓళిగల డబ్బాతో వస్తాడు. మేం బొబ్బట్లంటాం, వాళ్ళు ఓళిగలంటారు. "ఈ పొద్దు నా రెండో పుట్టినరోజన్నా, నువ్వు ల్యాకుంటే నేను యాడికి పోయింటినో" అని మొదటిది నా నోట్లో పెడతాడు. ఇన్నేళ్ళూ తిన్నాను. బాగుండేవి, అబద్ధమెందుకు.

ఆ రోజు వంతెన మీద నుంచి తీసిన ఫొటో వాడి హాల్లో పటం కట్టి ఉంది. ముందు నేను, నా చేతిలో వాడు. వెనక, కాస్త దూరంలో, అదే నీళ్ళలో, ఒకాయన చంటిపిల్లను భుజాల మీద కూర్చోబెట్టుకుని నిలబడి ఉన్నాడు. నిలబడి! పటం చూడని చుట్టం లేడు. ఆయన దేని మీద నిలబడ్డాడని అడిగినవాడు ఒక్కడూ లేడు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు ముందు ఆయన మీదికే పోతాయి.

ఇంతటితో అయిపోయుంటే నేను మీకు రాసేవాణ్ణి కాదు. నాలాంటి డాబుసరి మనిషికి ఒక అబద్ధం పెద్ద లెక్క కాదు. పదేళ్ళ కిందట, సింధుకు పద్నాలుగేళ్ళప్పుడు, బళ్ళో పడవ పోటీలకు పిల్లల్ని ఎంపిక చేశారు. చెయ్యి పొడవు చూసి, భుజం చూసి, ముందు వరసలో దాన్ని పెట్టారు. ఆదివారం భోజనానికి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఫారం తెచ్చి వాళ్ళ నాన్న ముందు పెట్టింది. ఓబులేసు పెన్ను తీసి, మూత తీసి, నా వైపు చూశాడు.

"నువ్వే చెప్పన్నా. నువ్వు సరేనంటే ఇప్పుడే సంతకం పెడతా. నీళ్ళ సంగతి నీకు తెలిసినట్ల నాకేం తెలుసు?"

"అంకుల్, ప్లీజ్. సబ్ లైఫ్ జాకెట్ పహన్‌తే హై" అంది సింధు, అందరూ జాకెట్లు వేసుకునే దిగుతారని.

నా వెనక గోడ మీద ఆ పటం ఉంది. ఆ పిల్ల నీళ్ళలోకి దిగితే లోతంటే ఏమిటో నేర్చుకుంటుంది. నేర్చుకున్న కళ్ళతో ఆ పటం చూస్తుంది. అందుకేనా? లేక నన్ను అడగడం, నా మాట కోసం పెన్ను గాల్లో ఆగడం, ఆ గొప్పే నాకు ఎక్కేసిందా? రెండూ అయ్యుంటాయి.

"నీళ్ళతో పరాచికాలొద్దమ్మా" అన్నాను. "మీ నాన్న ఎలా బయటపడ్డాడో నాకు తెలుసు."

ఓబులేసు పెన్నుకు మూత పెట్టేశాడు. సింధు "ఠీక్ హై అంకుల్" అని ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి పెరుగు గిన్నె కింద పెట్టింది. నేను ఆ పెరుగే వేసుకుని అన్నం తిన్నాను.

మొన్న సింధు ఆఫీసు వాళ్ళు గురుగ్రామ్ దాటాక ఉన్న ఒక చెరువుకు విహారానికి వెళ్ళారు. వచ్చాక ఆ కబుర్లు చెప్తూ, నవ్వుతూ, తనొక్కతే ఒడ్డున కూర్చుని అందరి ఫోన్లూ బ్యాగులూ చూసుకున్నానంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, అంత పొడుగు చేతులు, ఇరవై మంది ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని ఒడ్డున. "ముఝే డర్ లగ్‌తా హై నా అంకుల్" అంది. ఆ భయం దానిది కాదు. నేను పెట్టింది.

ఇంతవరకు ఇక్కడ రాశాను. తెలుగులో ఎందుకు రాశానో తెలుసా? సింధుకు తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. నా పిరికితనం ఎంత తెలివైనదో చూడండి. అది తట్టాక సిగ్గేసింది. నిన్న దాన్ని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, మొదటి నుంచీ చదివి వినిపించాను. చదవడం అయ్యాక ఫోన్లో ఆ ఫొటో తీసి, రెండు వేళ్ళతో పెద్దది చేసి, చాలాసేపు చూసింది.

"యే అంకుల్ తో ఖడే హై" అంది. అవును, ఆయన నిలబడే ఉన్నాడు తల్లీ.

"ఆ ఫారం రోజు మీకు తెలుసా?"

"తెలుసు."

దానిక్కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండేది. బ్యాగు భుజాన వేసుకుని, "పాపా కో మై నహీ బతావూంగీ. మీరే చెప్పండి" అని వెళ్ళిపోయింది. ఎప్పుడూ వెళ్తూ ఆంటీకి టాటా చెప్పే పిల్ల, చెప్పలేదు.

ఈ రోజు ఓబులేసు రెండో పుట్టినరోజు. పదకొండవుతోంది. కింద వాడి స్కూటర్ ఆగింది. ఇప్పుడు మెట్లెక్కుతున్నాడు, మోకాళ్ళ నొప్పి కదా, మెల్లగా ఎక్కుతాడు. డబ్బా మూత తీయకముందే చెప్పాలి. క్షమిస్తాడో లేదో నాకు తెలియదు, క్షమించమని అడగను. రేపటి నుంచి అన్నా అని పిలవకపోవచ్చు. కానీ పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి లోతు సరిగ్గా చెప్పబోతున్నాను. అందుకు కూడా కొంచెం గర్వంగానే ఉంది, చూడండి నా బుద్ధి!

ఓబులేసూ, అక్కడ నీళ్ళు గుండెలోతే. లేచి నిలబడరా.