కంప కట్టిన గది

మా అక్క మంచి నక్షత్రంలో పోలేదట. ఆ ముక్క పంతులు ఫోన్లో చెప్పి చేతులు దులుపుకున్నాడు. గది మూసెయ్యాలన్నది మాత్రం ఇంటి ఓనరాంటీ తీర్పు. కొత్తపేటలో వాళ్ల మేడ మీద పోర్షన్‌లో నేనూ అక్కా చెరో గదిలో ఉండేవాళ్లం. దవాఖాన వాళ్లు ఇక లాభం లేదన్నాక తనను తన గదికే తెచ్చాను, అక్కడే పోయింది.

"అసలైతే పోర్షన్ మొత్తం బందువెట్టాలె బిడ్డా. నీ మొహం చూసి గా ఒక్క గదికే తాళమేస్తున్న" అంది ఆంటీ. కాలనీలు లేవక ముందు ఇక్కడే పొలాలు దున్నిన కుటుంబం వాళ్లది. ఎక్కణ్నుంచి కొట్టుకొచ్చిందో, తలుపుకి అడ్డంగా తుమ్మకంప ఒకటి కట్టింది. కొన్ని నెలలు పోయాక తీసి, కడిగి, ఇంకొకరిని దించుకోవచ్చంది. నాకు ఒళ్లు మండిపోయింది. మా అక్కేమైనా దొంగా, కంప వెయ్యడానికి? కానీ ఇల్లు వాళ్లది.

నా ఉద్యోగం రాయడం. కథలు కాదు. కంప్యూటర్ లోపల అన్నిటినీ నడిపించే కెర్నల్ ఏం చేస్తుందో ఇంజనీర్లు వాళ్ల భాషలో చెబుతారు, నేను దాన్ని మనుషులకు అర్థమయ్యేలా రాస్తాను. ఆ నెలల్లో నా నెత్తిన పడింది ప్రాసెసర్ క్యాష్ పంపకం. మాటిమాటికీ కావలసిన డేటాను ప్రాసెసర్ తన పక్కనే పెట్టుకునే చిన్న జాగా అది. నడిచే ప్రోగ్రాములన్నీ దాన్నే వాడుకోవాలి. వాటిని గ్రూపులు చేసి, ఏ గ్రూపు ఏ భాగంలో పెట్టుకోవాలో మనం కెర్నల్‌కి చెప్పొచ్చు. గ్రూపుకో నంబరు ఉంటుంది, ఎవరు ఎంత చోటు ఆక్రమించారో దానితోనే తెలుస్తుంది. హాస్టల్లో ఫ్రిజ్ అరలు పంచుకుని, గిన్నెల మీద పేర్లు అంటించుకున్నట్టే.

ఇంట్లోంచే పని చేసేదాన్ని. ఒక మధ్యాహ్నం, వీధిలో కూరగాయల బండి కేక దూరమయ్యాక, మూసిన గదిలో మంచం కిర్రుమంది. అక్క అటు నుంచి ఇటు తిరిగి పడుకునేటప్పటి చప్పుడే. ఎలకలనుకున్నాను. మర్నాడు అదే వేళకి నిట్టూర్పు వినిపించింది. ఎలకలు నిట్టూర్చవు కదా. భయం వేసింది, అబద్ధమెందుకు. అయినా బయటికి పరిగెత్తలేదు. కుర్చీ రెండు గదుల మధ్య గోడకి జరుపుకుని కూర్చున్నాను. అప్పట్నుంచి ఆ చప్పుడు వినిపించని రోజు నాకు అన్నం సయించేది కాదు.

ఆ వారమే టెస్ట్ మిషన్ మీద ఒక గ్రూపు చేసి, కాసేపు నడిపి, తీసేశాను. ప్రోగ్రాము లేదు, గ్రూపు లేదు. కానీ దాని నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా కెర్నల్ పట్టుకుని కూర్చుంది. లోపల జరిగేది కనిపించేలా ట్రేస్ పెట్టి చూస్తే ఆ నంబరు కింద చోటు ఇంకా నిండే ఉంది. చిరాకేసి మా టీమ్ లీడ్‌కి ఫోన్ చేశాను.

"గదేం బగ్ గాదండీ" అన్నాడు. "మనం గ్రూపును తీసేసినం, అది పెట్టుకున్న డేటాను తియ్యలే. గా డేటా తగ్గేదాంక గా నంబర్ ఇంకొకరికి ఇయ్యదు. అట్లనే రాయండి."

"ఎప్పుడు తగ్గుతుందండీ?"

"ఇంకోడొచ్చి గా జాగ వాడుకుంటే తగ్గుతది. ఎవ్వలు రాకపోతే ఎందుకు పోతది? అట్లనే ఉంటది."

ఆయన మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అక్క గదిలోకి ఎవరినీ రానివ్వకపోతే సరి.

సరిగ్గా అప్పుడే ఆంటీ కంప తీయించింది. అక్క మంచం ఎవరికో ఇచ్చేసి, గది పసుపు నీళ్లతో కడిగించింది. చప్పుడు ఆగలేదు. మంచం లేని గదిలో మంచం కిర్రుమంటూనే ఉంది. మర్నాడు ఆంటీ వచ్చి, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన వాళ్ల బంధువులమ్మాయి ఉందని, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటోందని చెప్పింది. "హాస్టల్ల పరేషాన్ అయితుంది. నువ్వు ఊఁ అంటే తోలుకొస్త."

గోడ చెమ్మ అన్నాను, నాకు మీటింగులుంటాయన్నాను. ఆంటీ నా మొహంలోకి చూసింది. "భయమైతుందా?"

"భయం కాదాంటీ. అక్క ఉంది అందులో. ఇంకెవరైనా వస్తే వెళ్లిపోతుంది."

నాకు పిచ్చెక్కిందంటుందనుకున్నాను. ఆవిడ గడప పక్కన కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. "కిందికి నాకు గూడ ఇనవడుతుంది బిడ్డా. అందుకే పిల్లను తెస్తనంటున్న. నీకు తోడు కావాలని మీ అక్కను గా వట్టి గదిల ఎన్నొద్దులు పండవెడ్తవ్? పోనియ్యి."

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆవిడ మీద, ఆ లీడ్ మీద, అన్నిటికన్నా ఆ మాట నిజమైనందుకు. ఆ చప్పుడు నాకెంత ఊరటగా ఉందో చూసుకున్నానే గానీ, అక్క ఎందుకు నిట్టూరుస్తోందని ఒక్కసారీ అనుకోలేదు. ఊఁ అన్నాను.

అమ్మాయి మడత మంచం, పుస్తకాల సంచీ తెచ్చుకుంది. పెద్దగా పైకి చదివేది. మొదట్లో ఆ చదువు మధ్య ఖాళీల్లో, అక్క మంచం ఉండే కిటికీ వైపు నుంచి, ఆ చప్పుడూ వినిపించేది. అమ్మాయి మడత మంచం తలుపు దగ్గరుండేది. ఆమె బట్టలు ఆరేసింది, పాటలు పెట్టుకుంది, స్నేహితురాళ్లను తెచ్చుకుంది. చప్పుడు పలచబడింది. రోజు విడిచి రోజు, తర్వాత ఎప్పుడో ఒకసారి.

ఒక మధ్యాహ్నం లేచి ఆ గది గుమ్మంలో నిలబడ్డాను. "ఒక్క నిమిషం చదవడం ఆపమ్మా" అన్నాను. ఆపింది. కిటికీ వైపు చెవి పెట్టి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ అమ్మాయి ఊపిరి తప్ప ఏమీ లేదు.

"ఏమైందక్కా?" అంది భయపడి.

మా అక్క చచ్చిపోయింది అన్నాను, ఇప్పుడే జరిగినట్టు. ఆ పిల్ల ముందే నేల మీద కూర్చుని ఏడ్చాను.