అట్ట మీద మరక లేదు

భర్త హార్లన్ పోయాక కూడా లవెర్న్ కారు కింద అట్ట మార్చడం మానలేదు. ఇండియానాలో ఆ మొక్కజొన్న చేల మధ్య ఏ షెడ్డు చూసినా కారు కింద ఒక అట్ట పరిచి ఉంటుంది. పొద్దున్నే దాన్ని బయటకు లాగితే బండి సంగతి తెలిసిపోతుంది. నల్ల మరకైతే ఇంజను ఆయిలు, పచ్చదైతే రేడియేటరు నీళ్లు, ఎర్రదైతే గేరుబాక్సు ఆయిలు. మరక చూసి రోగం చెప్పడం హార్లన్ వంతు. టమాటా డబ్బాల పెట్టె విప్పి కొత్త అట్ట వేయడం ఆమె వంతు. ఇప్పుడు రెండు వంతులూ ఆమె మీదే పడ్డాయి.

ఆ నీలం కారు ఆమె కోసమే కొన్నాడు. క్లచ్చు తొక్కడం చేతకాక ఆమె ఏడుస్తుంటే, గేర్లు వాటంతటవే మారే బండిని వెతికి తెచ్చాడు. ఆ రోజు నుంచీ అతను దాని కింద దూరితే పక్కన చేతిదీపం పట్టుకుని కూర్చునేది ఆమే. ఎదురుమాట ఎరగని మనిషి. చర్చి విందులకు పచ్చి ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, వెనక వరసలో సర్దుకునేది. పిల్లల్లేరు. అతను పోయాక ఆ ఇంట్లో అలికిడి చేసేది గడియారమొక్కటే.

మంచు కరిగేసరికి కారు మొరాయించింది. మొదటి గేరులోనే గొంతు చించుకుని, ఎప్పటికో ఒక కుదుపుతో రెండో గేరుకు మారేది. మరిది డెల్బర్ట్ వచ్చినప్పుడల్లా ఆయిలు కొలిచే పుల్ల తీసి చూసి, తగ్గిన ఆయిలు పోసి వెళ్లేవాడు. చివరికి తేల్చేశాడు.

“గేరుబాక్సు పోయింది, వెర్న్. కాళ్లు విరిగిన గుర్రాన్ని ఎన్నాళ్లు మేపుతావు? శనివారం పాత ఇనుము వాణ్ణి తీసుకొస్తా.”

“మరి నేను కొట్టుకెలా వెళ్లను?”

“వెళ్లే పనే లేదు. మా ఇంట్లో రోజ్‌మెరీ తన కుట్టుగది ఖాళీ చేసి నీకు మంచం కూడా వేయించింది. ఈ ఇల్లు అమ్మేద్దాం.”

కారు పోతే ఇల్లు పోయినట్టే. ఊరు మైళ్ల దూరం, బస్సు లేదు. డెల్బర్ట్ చెడ్డవాడేం కాదు. అదే చిక్కు, తిట్టడానికి కూడా వీల్లేదు.

మర్నాడు అట్ట లాగి చూసింది. పొడిగా ఉంది. అంతకుముందు తీసినవి తిరగేసినా అంతే. వెళ్లి డెల్బర్ట్‌కు ఫోను చేసింది.

“అన్నిసార్లు ఆయిలు పోశావు కదా. కింద చుక్క లేదు. ఏమైనట్టు?”

“ముసలి బండ్లు తాగుతాయిలే.”

“తాగినవాడు ఎక్కడో ఓ చోట వదలాలి కదా. నీకు తెలియదా?”

లవెర్న్ తన నోటికి తానే ఉలిక్కిపడి ఫోను పెట్టేసింది.

పొయ్యి మీద గిన్నె ఎండిపోతే నేల తడవదు. ఆవిరి పైకి పోతుంది. కారు వెనక ఈమధ్య తెల్లగా లేస్తున్న పొగ గుర్తొచ్చింది. అంటే ఆయిలు ఇంజనులో కాలిపోతోంది. కానీ గేరుబాక్సు ఆయిలు ఇంజనులోకి వెళ్లే దారి ఏముంది? దీపం పట్టుకున్న రోజుల్లో హార్లన్ ఒక రబ్బరు గొట్టం చూపించి అన్న మాట చెవిలో మెదిలింది: “ఇంజను ఊపిరి ఇందులోంచే వెర్న్. దీన్ని బట్టే గేరు ఎప్పుడు మారాలో గేరుబాక్సుకున్న ఆ చిన్న డబ్బాకు తెలుస్తుంది. లోపల పలచటి రబ్బరు పొర ఉంటుంది.”

పొర చిరిగితే, ఆ ఊపిరితో పాటు ఆయిలూ ఇంజనులోకి పోదా?

శనివారం డెల్బర్ట్ పాత ఇనుము వాడి లారీతో వచ్చేసరికి, హార్లన్ చేసిన చెక్క వాలుబల్లల మీద కారు ముందు చక్రాలు ఎక్కి ఉన్నాయి. కిందనుంచి హార్లన్ బూట్లు బయటికి కనిపించాయి. వాటిలో ఉన్నవి లవెర్న్ కాళ్లు.

“వెర్న్! మతిపోయిందా? బయటికి రా!”

“రాను. నువ్వే వంగు.”

డెల్బర్ట్ గొణుక్కుంటూ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె ఆ చిన్న డబ్బా నుంచి గొట్టం ఊడలాగింది. ఎర్రటి ఆయిలు అట్ట మీద టపటపా రాలింది.

“ఇందులో గాలి తప్ప ఏమీ ఉండకూడదు. పోయింది గేరుబాక్సు కాదు, ఈ పొర. ఎప్పుడూ ఎంత తగ్గిందో చూశావు, ఎటు పోయిందో చూడలేదు.”

డెల్బర్ట్ గొట్టం వంక చూశాడు, తర్వాత లారీ వంక. “పొర మారిస్తే బాగుపడుతుందని ఏముంది? లోపలి పట్టీలు అరిగే ఉంటాయి.”

“అరిగితే అప్పుడు చూద్దాం. ముందు ఆ లారీని పంపెయ్యి. తర్వాత కొత్త డబ్బా కొనడానికి నన్ను ఊళ్లోకి తీసుకెళ్లు.”

మధ్యాహ్నం కొత్త డబ్బాతో ఆమె మళ్లీ కారు కింద దూరింది. చెయ్యి చాచింది.

“దీపం పట్టుకో డెల్బర్ట్. అలా కాదు, నా కళ్లలోకి కాదు.”

బోల్టు బిగించి, ఆయిలు చూసుకుని, ఒక్కతే రోడ్డెక్కింది. మొదటి గేరు. పాదం నెమ్మదిగా నొక్కింది. ఇంజను గొంతు చించుకోకముందే బండి రెండో గేరుకు జారింది. ఒళ్లో నిద్రపోతున్న పిల్లి పక్కకు ఒత్తిగిల్లినంత మెత్తగా. ఖాళీగా ఉన్న పక్క సీటు వంక చూసి, అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే బండి నడిపింది.

తిరిగొచ్చేసరికి డెల్బర్ట్ గేటు దగ్గరే ఉన్నాడు. ఆమె అద్దం దించింది, ఇంజను ఆపలేదు.

“రోజ్‌మెరీకి చెప్పు. ఆ మంచం తీసేసి కుట్టుమిషను మళ్లీ పెట్టుకోమని. నేను కొట్టుకు వెళ్తున్నా. మీ ఇంటికి ఏమన్నా తేవాలా?”