రెండు దీపాలూ ఒకటే రంగు అన్న మనిషి

మొన్న ఒక పెళ్లి జాకెట్టుకు చేతులు ఎక్కిస్తుంటే పక్కనున్న ఫోన్ ఒకటే మోత. మా యానిమే గుంపు ఒక్కసారిగా లేచి కూర్చుంది. మేము పడీపడీ చూసిన సిరీస్‌కు మూడో భాగం వస్తోందని ప్రకటించారట. ఆ గుంపులో కువైట్ నుంచి ఒకరు, చెన్నై నుంచి ఒకరు, ఎవరెవరో ఉంటారు. వాళ్లలో ముక్కూ మొహం తెలియని మనిషి ఒకాయన ప్రశ్న వేశాడు: "రెండు దీపాల సిద్ధాంతం మొదట చెప్పిన పెద్దాయన ఉన్నాడా? ఇప్పుడేమంటాడు?" నేను మిషన్ మీద కాలు ఆపేశాను. ఆ పెద్దాయన మా బావ, మా అక్క మొగుడు. ధర్మవరంలో పట్టుకు రంగులు వేస్తాడు. ఆయన ఆ సిద్ధాంతం చెప్పిన రోజుల్లో ఆయన చూపు కొంచెం కొంచెంగా పోతూ ఉండింది. మేమంతా ఆ సంగతి తెలియక చప్పట్లు కొట్టాం.

ఈ వయసులో నాకు యానిమే ఏమిటని మీరు అడగొచ్చు. మా ఆయన రోజూ అడుగుతాడు. హిందూపురంలో ఇంటి ముందుగదే నా కుట్టుపని కొట్టు. చేతులు పనిలో ఉంటే కళ్లకూ చెవులకూ ఏదో ఒకటి కావాలి కదా. సీరియళ్లలో అత్తలు విషం కలుపుతూ ఉంటే చూసి చూసి విసుగొచ్చింది. ఒకరోజు మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి టీవీలో జపాన్ బొమ్మలు పెట్టింది. తిడదామని తలెత్తి అలాగే ఉండిపోయాను. మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వాడికి ఈ పిచ్చి ముందునుంచే ఉంది. ఆదివారమైతే వాడు పెనుకొండ నుంచి రైలెక్కి మా ఇంటికి రావడం, ఉగ్గాని బజ్జీ తింటూ ముగ్గురం కొట్లాడుకోవడం అలవాటైపోయింది. తమ్ముడు దేనికైనా మంత్రం కారణమంటాడు. మా అమ్మాయి ప్రేమ కారణమంటుంది. నాకేమో వంటింటి సందేహాలే ఎక్కువ. మనుషులు పోలేని కొండమీద అన్నేళ్లుగా వెలుగుతున్న దీపానికి నూనె ఎవరు పోస్తున్నారని అడిగితే తమ్ముడు తల పట్టుకునేవాడు.

కథ తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. ఎప్పుడూ పొగమంచు కప్పుకొని ఉండే దేశం ఒకటి. అందులో ఎదురెదురుగా రెండు కొండలు, కొండకొక దీపం. పచ్చ దీపం వైపు నడిస్తే ఊరు చేరతారు. ఎర్ర దీపం వైపు పోయినవాళ్లు తిరిగి రారు. ఆ దేశంలో పసిపిల్లలకు కూడా ఇది తెలుసు. అలాంటిది, మొదటి భాగం చివర్లో నాయిక వాళ్ల అన్న, దారుల పటాలు గీసే మనిషి, తన వెంట వచ్చినవాళ్లందరినీ ఎర్ర దీపం వైపు నడిపించుకుంటూ పోయి మంచులో కలిసిపోతాడు. ఎందుకు పోయాడు? మేము ఈ ఒక్క ప్రశ్న మీద ఎన్ని ఆదివారాలు తగలేశామో లెక్కలేదు. పూనకమని తమ్ముడు, త్యాగమని మా అమ్మాయి. రాసినవాడి పొరపాటేనని నేను.

ఆ రోజుల్లోనే బావ మా ఇంటికి రావడం మొదలైంది. అంతకుముందు పండక్కి పిలిచినా పని వదిలి వచ్చే మనిషి కాదు. ఇప్పుడు నెలకోసారి హిందూపురంలో దిగడం, "ఊరికే వచ్చినాలేమ్మా" అనడం, మాతో పాటు టీవీ ముందు కూర్చోవడం. ఎండ మాడ్చేస్తున్నా మెడచుట్టూ తువ్వాలు. తీయమంటే వినడు. బొమ్మల కథ ఆయనకు అంతగా పట్టుకుందని మేము మురిసిపోయాం. రెండోసారి వచ్చినప్పుడు సంచి నిండా టమాటాలు తెచ్చాడు. "బాగా మాగినేవి ఏరి తెచ్చినా" అన్నాడు. సంచి కుమ్మరిస్తే అన్నీ పచ్చికాయలు. దారిలో ఎవరో అంటగట్టారని నవ్వుకొని పచ్చడి నూరాను. పచ్చడి బాగా కుదిరింది కూడా.

బావ కంటి సంగతి చెప్పకపోతే ఇది ఎవరికీ అర్థం కాదు. వాళ్ల వీధిలో ఆయన చూపే తూకం. పెళ్లివాళ్లు ఒక పూరేకో, పాత చీర పేలికో తెచ్చి ఇస్తారు. ఆయన కాగే తొట్టిలోంచి పట్టుదారాల కట్టను, చిలపను, కర్రతో లేపి, పిండి, పొద్దుటి ఎండలో ఆ పేలిక పక్కన పెట్టి చూస్తాడు. "సరిపోయ" అంటాడు. ఆ మాట పడ్డాక ఇక ఎవరూ ఆ చిలపను నమూనా పక్కన పెట్టి చూడరు. ఇంటి ఆడవాళ్లు చూడరు, కూలికి వచ్చినవాళ్లు చూడరు, నేసేవాళ్లు కూడా చూడరు. చూస్తే ఆయన కంటిని శంకించినట్టు. ఆయన తండ్రి కాలం నుంచీ ఆ ఇంట్లో అదే మర్యాద. తేడా కనిపిస్తే తమ కంటిలోనే ఏదో లోపం ఉందనుకుంటారు తప్ప ఆయనను అడగరు.

అటువంటి మనిషి ఒక ఆదివారం, మేము ముగ్గురం పటాల అన్న గురించి కొట్లాడుకుంటుంటే, మెల్లగా నోరు తెరిచాడు. "మీరంతా ఏంటికబ్బా కొట్లాడుకుంటాండారు? ఆ రొండు దీపాలూ ఒకటే రంగు గదా. ఎర్రది, పచ్చది అని చిన్నప్పటినుంచి చెప్పి చెప్పి నమ్మిచ్చినారు. ఆ పటాలు గీసేటోడొక్కడే ఉన్నది ఉన్నట్లు చూసినాడు." తమ్ముడు ఎగిరి గంతేశాడు. ఆ దేశానికి కాపలా చూపు కాదు, నమ్మకమన్నాడు. కథంతా దానికి అతుక్కుపోయింది. నేను ఒప్పుకోలేదు. జాకెట్టుకు దారం సరిపెట్టి బతికేదాన్ని, నాకు ఎరుపూ పచ్చా తెలియవా? "బావా, ఒకటి ఎర్రగా ఉంది, ఒకటి పచ్చగా ఉంది. నా కళ్లకు కనిపిస్తాంది" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. "నీ కండ్లు నా కండ్లకన్నా మేలా?" అన్నాడు. నా మీద ఆయన గొంతు లేవడం అదే మొదలు. మా అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది. "అమ్మా, పెద్దనాయన పట్టుకు రంగులేసే మనిషి. నీకు తెల్దు, ఊరుకో." ఊరుకున్నాను. మర్నాడు పగటి వెలుతురులో ఆ బొమ్మను ఫోన్‌లో మళ్లీ చూసుకున్నాను. ఎరుపు ఎరుపే, పచ్చ పచ్చే. అయినా మనసులో ఒక మూల అనుమానం, నా కళ్లజోడు మార్పించాలేమోనని.

తమ్ముడు ఆ మాటను గుంపులో పెట్టాడు. అది అక్కడినుంచి ఎక్కడెక్కడికో పాకింది. రంగులు తెలిసిన మనిషి చెప్పాడు కాబట్టి నిజమై తీరాలన్నారు. బొమ్మల్లోని ప్రతి జెండాను, ప్రతి ఆకును పట్టుకొని రుజువులు వెతికారు. బావను ఏదడిగినా "ఇదీ అదీ ఒకటే" అనేవాడు. అలా అన్నకొద్దీ సిద్ధాంతం బలపడింది. ఆయన మాత్రం టీవీకి ఇంకా ఇంకా దగ్గరగా జరిగి కూర్చునేవాడు. కథ మీద అంత శ్రద్ధ అని చెప్పుకున్నాం.

రెండో భాగం ఆఖరి ఎపిసోడ్ అందరం ధర్మవరంలోనే చూద్దామనుకున్నాం. ఆదివారం పొద్దున నేనూ అమ్మాయీ రైలెక్కాం, తమ్ముడు పెనుకొండలో ఎక్కాడు. దారంతా పందేలే, నవ్వులే. అక్క ఇంటి వెనక కర్రలమీద చిలపలు ఆరేసి ఉన్నాయి. మబ్బు పట్టి గాలి బిగుసుకుపోయింది. పెళ్లి చీరల అంచుకని వేసిన ఎరుపు చిలపల వరస ముందు నా కాళ్లు ఆగిపోయాయి. సగం చిలపలు ఎర్రగా ఉన్నాయి. సగం ఎండిన బురద రంగులో ఉన్నాయి. "ఇదేం రంగక్కా?" అన్నాను. అక్క నన్ను చూడకుండా, "బెంగుళూరోళ్లు అడిగిన కొత్త షేడేమోలే. మీ బావ సరిపోయ అన్నాడు" అంది. ఆ ఇంట్లో రంగు గురించి 'ఏమోలే' అనడం నేనెప్పుడూ వినలేదు.

ఎపిసోడ్ మొదలైంది. చివరికి నాయిక రెండు దీపాలనూ కొండల మీదనుంచి దింపి, మంచులో పక్కపక్కన పెడుతుంది. టీవీ నిండా అవే. ఒకటి నెత్తురులా ఎర్రగా, ఒకటి వరిమడిలా పచ్చగా. అనుమానానికి చోటే లేదు. తమ్ముడు పకపకా నవ్వాడు. "పాయె బావా! నీ సిద్ధాంతం పాయె!"

బావ టీవీ మీదనుంచి చూపు తిప్పలేదు. "ఏం పాయెరా? నేను చెప్పినట్లే చూపిచ్చినాడు గదా. రొండూ ఒకటే."

తమ్ముడి నవ్వు సగంలో ఆగింది. బావ ఆటపట్టించడం లేదని అందరికీ ఒకేసారి అర్థమైంది. టీవీ దాని పాటికది పాడుతోంది. అక్క లేచి పెరట్లోకి పోయింది. పెళ్లయినప్పటినుంచి రంగు గురించి ఒక్క మాట అనని మనిషి, రెండు చిలపలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఒకటి మిరపపండు ఎరుపు, ఒకటి చిలకపచ్చ. "ఏది ఎర్రది? చెప్పయ్యా" అంది. ఆయన వాటిని చేతుల్లోకి తీసుకున్నాడు. చూడలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకటి వాసన చూశాడు, రెండోది చూశాడు, మళ్లీ మొదటిది చూశాడు. ఆఖరికి పచ్చ చిలపను పైకెత్తి, "ఇది" అన్నాడు. అక్క నోట్లో కొంగు కుక్కుకుంది. ఆయన తల వంచుకున్నాడు. "తడిగా ఉంటే ఏ రంగుదో వాసనే చెప్తాదే. ఇవి ఎండిపోయినాయి" అన్నాడు.

అప్పుడు తువ్వాలు తీశాడు. మెడమీద గడ్డ మచ్చ. గడ్డకు పట్టిన టీబీ అట, అంటుకునేది కాదట. అయినా ఆ పేరు వింటే తన చేతి పట్టును పెళ్లివాళ్లు ముట్టుకోరని భయపడ్డాడు. ధర్మవరంలో ఎవరి కంటా పడకుండా హిందూపురంలో డాక్టర్ దగ్గర నెలనెలా మాత్రలు తెచ్చుకున్నాడు. మా ఊరికి రావడానికి ఒక సాకు కావాలి కాబట్టి మా టీవీ ముందు కూర్చున్నాడు. డాక్టర్ ప్రతిసారీ కళ్లెలా ఉన్నాయని అడిగేవాడట. ఈయన ప్రతిసారీ "బాగుండాయి" అనేవాడట. ఫోన్ చేస్తే ఆ డాక్టర్ కంగారుపడ్డాడు. మందుల్లో ఒకటి ఒక్కోసారి కంటి నరాన్ని పట్టుకుంటుందని, దాన్ని వెంటనే ఆపి, తక్కినవి మానకుండా, అనంతపురంలో కళ్ల డాక్టర్‌కు చూపించమన్నాడు. మర్నాడు చూపించాం. ఆ కళ్ల డాక్టర్ దీపం వేసి కంటి లోపల చాలాసేపు చూశాడు. రంగులు తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు, ఆగి చూడాలన్నాడు. ముందే తెలిసుంటే బాగుండేదన్నాడు. మా తమ్ముడు బయటకొచ్చి గోడకానుకొని ఏడ్చాడు.

ఇప్పుడు తొట్టి దగ్గర అక్క నిలబడుతోంది. "సరిపోయ" అనేది ఆమే. మెడ గడ్డ నయమైంది. బావ కూర్చుని అక్షరాలు, మనుషులు, గడియారం అన్నీ పోల్చుకుంటున్నాడు. ఎరుపు సంగతి అడిగితే, "వస్తాండాది, కొంచెం కొంచెం వస్తాండాది" అంటున్నాడు. ఉగాది తర్వాత తనే తొట్టి దగ్గర నిలబడతానంటున్నాడు. అక్క అవునని గానీ కాదని గానీ అనడం లేదు.

గుంపులో వచ్చిన ప్రశ్న చదివి వినిపించాలని నిన్న ధర్మవరం పోయాను. విని నవ్వాడు. నవ్వుతూ నా కొంగు అంచు పట్టుకొని చూశాడు. "ఇది మిరపపండు. చూసినావా, తెలుస్తాండాది" అన్నాడు. పక్కన అక్క మొహం వెలిగిపోయింది. నేనూ "అవును బావా" అన్నాను. ఆ చీర మా ఇంటి గృహప్రవేశానికి ఆయన తన చేతులతోనే రంగు వేసి ఇచ్చినది. ఎన్నో ఉతుకులకు అది ఎప్పుడో వెలిసిపోయి ఇటుకపొడి రంగుకు దిగింది. నా చీరలోంచి ఏళ్లు లాగేసుకున్న ఎరుపు ఆయన జ్ఞాపకంలో మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది.